ఫుట్‌బాల్‌లో గోల్ ముందున్న చిన్న బాక్సులో గోలీని (గోల్‌కీపర్‌ని) తాకితే ఫౌలేనా?

పర్లాకిమిడి గోలీ:
మొన్న ఆదివారం గుణుపూర్ దగ్గర ఒక ఊళ్లో ఫైనల్ ఆడాం. గెలిచిన టీముకి పొట్టేలు. చివర్లో వాళ్లకి కార్నర్ వచ్చింది, అదే, మైదానం మూల నుంచి కొట్టే కిక్. నేను ఎగిరి బంతి మీద చేతులేశాను. అప్పుడే వాళ్ల స్ట్రైకర్ భుజం నా డొక్కలో దిగింది. బంతి జారిపోయింది, వెనకున్నవాడు లోపలికి తోసేశాడు. రిఫరీ గోల్ అన్నాడు. చిన్న బాక్సులో గోలీని ముట్టుకోకూడదు కదా? డొక్క ఇంకా నొప్పిగానే ఉంది.

గుణుపూర్ విజిల్:
ఊరి మ్యాచ్‌లకి విజిల్ ఊదుతుంటాను కాబట్టి చెబుతున్నా. ఈ మాట అనని టీము లేదు, కానీ రూల్స్ పుస్తకంలో అలా లేదు. ఆ 5.5 మీటర్ల బాక్సు గోలీకి కోట కాదు. 12వ నియమం చూసేది బంతి మీ అదుపులో ఉందా అన్నదే. రెండు చేతుల మధ్య ఉన్నా, ఒక చేత్తో నేలకి అదిమిపెట్టినా, తెరిచిన అరచేతిలో నిలబెట్టుకున్నా, నేలకేసి కొడుతున్నా అది మీ బంతే. అప్పుడు ఎవరూ మీ మీదికి రాకూడదు. సేవ్ చేస్తూ, అంటే గోల్ పడకుండా ఆపుతూ, చేతికి తగిలి విడిపోయిందంటే అదుపు కిందికి రాదు. ఇంతకీ బంతిని పట్టారా, తాకారా?

పర్లాకిమిడి గోలీ:
వేళ్లకి గట్టిగానే తగిలింది. పట్టాననే అనుకుంటున్నా.

రాయగడ తొమ్మిదో నంబర్:
ఆ ‘అనుకుంటున్నా’ దగ్గరే పొట్టేలు పోయింది అన్నా! మా స్ట్రైకర్ల బాధ కూడా వినండి. గోలీలు మోకాలు ఎత్తి మీద పడితే అడిగేవాడే ఉండడు. 2023 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్ గోలీ ఒనానాకి బంతి అందలేదు, వుల్వ్స్ ఆటగాడు కలాజ్‌జిచ్‌ని గుద్దేశాడు. వీడియో రిఫరీ ఉండి కూడా పెనాల్టీ ఇవ్వలేదు. ఇవ్వాల్సిందని రిఫరీల పెద్దలు తనతో ఒప్పుకున్నారని తర్వాత వుల్వ్స్ కోచే చెప్పాడు.

బరంపురం పాతకాపు:
అదేం చూశావు బాబూ. 1982 వరల్డ్ కప్ సెమీస్‌లో జర్మనీ గోలీ షూమాకర్ దెబ్బకి ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టన్ పళ్లు ఊడి, స్పృహ తప్పి పడిపోయాడు. ఫౌల్ కూడా ఇవ్వలేదు, గోల్ కిక్‌తో ఆట మొదలైంది!

గుణుపూర్ విజిల్:
ఇప్పుడైతే రెడ్ కార్డే. బంతి అదుపులో లేనప్పుడు గోలీ కూడా అందరిలాంటి ఆటగాడే. అజాగ్రత్తగా తగిలితే ఫౌల్ ఒక్కటే, ఎదుటివాడికి ఏమవుతుందో పట్టించుకోకుండా దూకితే ఎల్లో, మితిమీరిన బలం వాడితే రెడ్.

కార్నర్‌లో నేను ముందు కాళ్లు చూస్తా. స్ట్రైకర్ తన చోట నిలబడి ఉంటే అది వాడి హక్కు. గోలీ దారిలోకి జరిగితే తప్పు వాడిది. తర్వాత కళ్లు: బంతిని చూస్తూ ఎగిరాడా, గోలీని చూస్తూనా? ఇక కార్నర్ కొట్టకముందే తోసుకుంటే ఫ్రీ కిక్ ఇవ్వడానికి లేదు, బంతి ఇంకా ఆటలోకి రాలేదు కదా. ఇద్దరినీ పిలిచి వార్నింగ్ ఇస్తా. మీ మ్యాచ్‌లో భుజం ఎందుకు తగిలిందో చూడకుండా నేనేమీ చెప్పలేను. వీడియో ఉందా?

పర్లాకిమిడి గోలీ:
దొరికింది, ఎవరో ఫోన్లో తీశారు. ఆపి ఆపి చూశాను. నా ఎడమచేతి రెండు వేళ్లే బంతికి తగిలాయి. స్ట్రైకర్ కళ్లు మాత్రం చివరిదాకా బంతి మీదే ఉన్నాయి. వాణ్ణి వెనక నుంచి నా మీదికి నెట్టింది మా టీము బ్యాకే, గోల్ ముందు కాపలా కాసేవాడు.

రాయగడ తొమ్మిదో నంబర్:
అయితే గోలే. ఆ బ్యాక్ ఎవరన్నా?

పర్లాకిమిడి గోలీ:
మా బావమరిది. ఈ వీడియో ఇంకా ఇంట్లో చూపించలేదు.