జాతీయ తపాలా దినోత్సవం నాడు తపాలా సిబ్బందికి సెలవు ఇవ్వాలా?

పల్లెటపా (చర్చ ప్రారంభం):

అక్టోబరు 9 ప్రపంచ తపాలా దినోత్సవం, మర్నాడు 10వ తేదీ మన జాతీయ తపాలా దినోత్సవం. ఈ రెండింటిలో కనీసం 10వ తేదీనైనా తపాలా శాఖలో సెలవు దినంగా ప్రకటించాలన్నది నా అభిప్రాయం. నేను నల్గొండ జిల్లాలోని ఒక పల్లెలో పదకొండేళ్లుగా ఉత్తరాలు పంచుతున్నాను. కాగితాల మీద నా హోదా ఏబీపీఎం, అంటే అసిస్టెంట్ బ్రాంచ్ పోస్టుమాస్టర్, పల్లె తపాలా పని చూసే గ్రామీణ డాక్ సేవక్‌ని.

బయటివారికి తెలియని సంగతి ఏమిటంటే, మా ఉత్సవం ఒక్క రోజుతో ముగియదు, వారంలో ఒక్కో రోజుకు ఒక్కో పేరు పెడతారు. 2023లో 10వ తేదీ ఆర్థిక సాధికారతకు, 11 తపాలా బిళ్లల సేకరణకు, 12 ఉత్తరాలకూ పార్సిళ్లకూ, 13 అంత్యోదయకు కేటాయించారు. పేరు ఏదైనా మా బ్రాంచి దాకా వచ్చేసరికి అది ఒక లెక్కగా మారుతుంది. ఎన్ని పొదుపు ఖాతాలు తెరిచారు, ఎన్ని గ్రామీణ తపాలా జీవిత బీమా పాలసీలు చేయించారు, ఎంత ప్రీమియం వచ్చింది అన్నవి సాయంత్రంలోగా వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. 2024లో దసరా 12వ తేదీన వచ్చింది. బతుకమ్మ పేరుస్తున్న ఇళ్ల వాకిళ్లలో నేను బీమా కాగితాలు పట్టుకుని నిలబడ్డాను. పండుగకు బట్టలు కొనడానికే అప్పు చేసినవారిని ప్రీమియం అడగడానికి నోరు రాలేదు. ఒక పెద్దవ్వ "పండుగ పూట గూడ నిన్ను తిప్పుతున్నరా బిడ్డా" అని నా చేతిలో రెండు మలీద ముద్దలు పెట్టింది. ఆ వారం మొత్తంలో నన్ను మనిషిగా చూసి పలకరించిన మాట అదొక్కటే.

కృష్ణలంక నివాసి:

అన్నగారూ, మీ బాధ అర్థమైంది. అయినా మీరు అడిగిన సెలవును నేను సమర్థించలేను. మా అమ్మగారికి పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకం ఉంది, మూడు నెలలకోసారి వచ్చే వడ్డీ అక్టోబరు మొదట్లోనే పడుతుంది. 2వ తేదీ గాంధీ జయంతి, చాలా ఏళ్లలో ఆ నెలలోనే దసరా, ఒక్కోసారి దీపావళి కూడా. ఆమె పాస్‌బుక్కు సంచిలో పెట్టుకుని ఆటోలో వెళ్లి, మూసిన తలుపు చూసి తిరిగి వచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. మే 12న నర్సుల దినోత్సవం జరుగుతుంది, ఆ రోజు ఆసుపత్రి వార్డులు మూయరు కదా. సేవ చేసేవారిని గౌరవించడానికి ఆ సేవనే ఆపడం న్యాయమనిపించదు. లక్ష్యాల ఒత్తిడి తప్పయితే దాన్ని తీసివేయమని అడగండి, నేనూ సంతకం చేస్తాను.

విశ్రాంత పోస్టుమాస్టరు:

నేను 36 ఏళ్లు ఈ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. మొదట ఈ రోజు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే అందులో మనవారి పాత్ర ఉంది. 1874 అక్టోబరు 9న స్విట్జర్లాండులోని బెర్న్‌లో ఈనాటి విశ్వ తపాలా సంఘానికి పునాది పడింది. 1969లో టోక్యోలో ఆ సంఘం మహాసభ జరిగినప్పుడు, ఈ తేదీని ప్రపంచ తపాలా దినంగా పాటించాలని ప్రతిపాదించింది భారత ప్రతినిధి బృంద సభ్యుడు ఆనంద్ మోహన్ నరూలా. దేశాల మధ్య ఉత్తరాలు ఆటంకం లేకుండా నడవడాన్ని గుర్తుచేసుకునే రోజు అది. ఆ రోజున ఉత్తరం ఆగకూడదని నేనూ అంటాను.

అయితే కృష్ణలంక మిత్రులు ఒక విషయం గమనించాలి. కేంద్ర ప్రభుత్వ పరిపాలనా కార్యాలయాలకు 1985లోనే వారానికి ఐదు రోజుల పని వచ్చింది. బ్యాంకులు 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు మూస్తున్నాయి. పోస్టాఫీసు కౌంటరు మాత్రం నేటికీ ఆరు రోజులూ తెరిచే ఉంటుంది. కాబట్టి మా వాళ్లు సెలవులు ఎక్కువ అడుగుతున్నారన్న భావన సరైనది కాదు.

అసలు చిక్కు సెలవుల సంఖ్యలో కాదు, సెలవు పెట్టినవారి పని ఎవరు చేస్తారన్న దానిలో ఉంది. శాఖలోని రెగ్యులర్ పోస్టుమ్యాన్ సెలవు పెడితే అతని బీటుకు వెళ్లడానికి లీవ్ రిజర్వ్ పోస్టుమ్యాన్ ఉండే ఏర్పాటు పూర్వం నుంచీ ఉంది. ఖాళీలు నింపక అది కొన్నిచోట్ల పలచబడింది గానీ, పద్ధతి అంటూ ఒకటి ఉంది. గ్రామీణ డాక్ సేవకులకు ఆ పద్ధతే లేదు. వీరిని ఈడీలు (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు) అని పిలిచే కాలంలో, 1977లో, రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు వీరివి సివిల్ పదవులేనని తేల్చింది. అయినా వీరు రెగ్యులర్ సర్వీసుకు వెలుపలే ఉండిపోయారు. దేశంలోని సుమారు 1.64 లక్షల పోస్టాఫీసుల్లో పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి, వాటి తలుపు తీసేది వీరే. మంచి పనితీరు చూపిన తపాలా సిబ్బందికి 1984 నుంచి మేఘదూత్ పురస్కారాలు ఇస్తున్నారు, అందుకున్నవారిని చూసి నేనూ గర్వపడ్డాను. కానీ పతకం అందుకోవడానికి వెళ్లిన సేవకుడి సంచి ఆ రోజు ఎవరు మోశారని అడిగినవారు నాకు కనబడలేదు.

సిక్కోలు బీపీఎం:

మాస్టారు గారూ, మీరు సరిగ్గా మా గాయం మీద వేలు పెట్టారు. నేను బీపీఎంని, అంటే బ్రాంచ్ పోస్టుమాస్టర్‌ని, శ్రీకాకుళం జిల్లాలో మా బ్రాంచి మా ఇంటి ముందు గదిలోనే నడుస్తుంది. మా గదికి ఆదివారం అన్నది ఉండదు, గేటు చప్పుడైతే ఎవరో ఒకరు పాస్‌బుక్కుతో వచ్చారని అర్థం.

2018లో మే 22 నుంచి పదహారు రోజులు సమ్మె చేశాక మా వేతనాలు సవరించారు. నాలుగు గంటల పనికి బీపీఎం కనీస వేతనం 12,000, ఏబీపీఎంకు 10,000 రూపాయలయింది. ఆరు నెలలకు 10 రోజుల చొప్పున ఉన్న సెలవుకు తోడు ఏడాదికి 5 రోజుల అత్యవసర సెలవు కూడా ఆ ఏడాదే వచ్చింది. కాగితం మీద ఇదంతా బాగుంది. కానీ సెలవు కావాలంటే ముందు మన బదులు పనిచేసే సబ్‌స్టిట్యూట్ పేరు చెప్పాలి. కిందటేడు మా అమ్మకు కంటి ఆపరేషను చేయించాల్సి వచ్చింది. అంతకుముందు నాకు బదులుగా కూర్చునే అమ్మాయి విశాఖలో ఉద్యోగానికి వెళ్లిపోయింది. రెండు వారాలు వెతికినా ఎవరూ దొరకలేదు, దరఖాస్తు తిరిగి వచ్చింది. చివరికి అమ్మ వెంట మా తమ్ముడు వెళ్లాడు.

ఎవరో ఒకరిని కూర్చోబెట్టవచ్చు కదా అని అడగవచ్చు. ఉపాధి హామీ కూలి డబ్బు తీసుకోవడానికి వచ్చే ముసలివారి వేళ్లు మట్టి పనికి అరిగిపోయి ఉంటాయి, యంత్రం వేలిముద్ర పట్టదు. తడిగుడ్డతో వేలు తుడిచి, తలకు రాసి, కుడి చూపుడు వేలు కాకపోతే ఎడమది పెట్టించి, నాలుగోసారికి పడితే వారి ముఖంలో వెలుగు చూడాలి. ఏ అవ్వకు ఏ వేలు పడుతుందో నాకు తెలుసు. ఒక్క రోజుకు వచ్చిన కొత్త మనిషి అది చేయలేక "సర్వరు లేదు" అని పంపేస్తే, ఆమె మూడు కిలోమీటర్లు నడిచి వెళ్లాలి.

అందుకే ఇక్కడ పల్లెటపా గారు అడిగిన ఒక్క రోజు సెలవు నాకు ఊరట కాదు. ఆ రోజు మూస్తే మర్నాటికి పని రెట్టింపవుతుంది. శిక్షణ ఇచ్చి, పేరు నమోదు చేసి, కూలి శాఖే చెల్లించే సబ్‌స్టిట్యూట్లు కావాలి.

కృష్ణలంక నివాసి:

అమ్మా, మీ అమ్మగారి సంగతి చదివి మనసు బరువెక్కింది. ఆఫీసు మూయడానికి నేను ఇప్పటికీ ఒప్పుకోను. బదులు మనిషిని ఇవ్వడం శాఖ బాధ్యత అన్న డిమాండుకు మాత్రం నా పూర్తి మద్దతు ఉంది, ఖాతాదారుగా అది నా అవసరం కూడా.

పల్లెటపా:

అక్కా, సెలవు కోరిక నేను వదులుకోలేదు. ఉత్తరం ఆగకూడదంటే 10వ తేదీన సగం మంది, మరో రోజున మిగతా సగం మంది తీసుకోవచ్చు. అయితే దానికీ సబ్‌స్టిట్యూట్లే కావాలని మీ మాటతో తెలిసింది. బ్రాంచీలపై ఉండే ఒక్కో సబ్ ఆఫీసుకు ఇద్దరు సబ్‌స్టిట్యూట్ల చొప్పున అడుగుతూ విన్నపం రాయడం మొదలుపెట్టాను. ఈ చర్చ చదువుతున్న డాక్ సేవకులు తమ సబ్ ఆఫీసు కింద ఎన్ని బ్రాంచీలున్నాయో, నిరుడు మనిషి దొరకక ఎన్ని సెలవు దరఖాస్తులు తిరిగి వచ్చాయో ఇక్కడ రాయండి. ఊరి పేరు, మీ పేరు అక్కరలేదు.