ప్రోటీన్‌ను గాఢపరుస్తుంటే ఫిల్టర్‌లో తెల్లటి మడ్డి ఎందుకు వస్తోంది?

ప్రశ్న (పరిశోధక విద్యార్థి, తార్నాక)

హిస్టిడిన్ ట్యాగ్ (నికెల్‌కు అంటుకునే చిన్న తోక) ఉన్న 28 కిలోడాల్టన్ల ప్రోటీన్‌ను నికెల్ కాలమ్ మీద శుద్ధి చేశాను. 250 మిల్లీమోలార్ ఇమిడజోల్ (ప్రోటీన్‌ను కాలమ్ నుంచి విడిపించే రసాయనం), 300 మిల్లీమోలార్ ఉప్పు ఉన్న ఆ 15 మిల్లీలీటర్లను 10 కిలోడాల్టన్ల కన్నా పెద్ద అణువులను పైనే ఆపే సెంట్రిఫ్యూజ్ ఫిల్టర్‌లో పోసి, 4,000 జి వద్ద అరగంట ఏకధాటిగా తిప్పాను. ఆపైన ఉప్పు లేని 20 మిల్లీమోలార్ ట్రిస్‌తో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే బఫర్ ద్రావణం) నింపి మళ్లీ తిప్పాను. మొదటిసారి కిందికి దిగిన ద్రవం ప్రోటీన్‌ను కొలిచే 280 నానోమీటర్ల కాంతి వద్ద చాలా ఎక్కువ రీడింగ్ ఇస్తోంది కనుక పొర చిరిగిందేమోనని అనుమానం. పైన మిగిలిన 300 మైక్రోలీటర్లలో తెల్లటి మడ్డి పేరుకుంది. ప్రోటీన్ పీఐ (నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 7.3 అని లెక్క తేలింది. ట్రిస్ పీహెచ్‌ను కోల్డ్ రూమ్‌లోనే 8.0కి సరిచేశాను. మా సెంట్రిఫ్యూజ్‌లో కూలింగ్ పనిచేయడం లేదు, పైగా ఇది మే నెల.

జవాబు 1

పొర చిరిగిందని అప్పుడే తీర్మానించకండి. ఇమిడజోల్ కూడా 280 వద్ద కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి, నీటిని బ్లాంక్‌గా (సున్నా రీడింగ్‌కు ఆధారంగా) పెట్టి చూస్తే ప్రోటీన్ లేని ద్రవం కూడా ప్రోటీన్ ఉన్నట్టే కనిపిస్తుంది. ప్రోటీన్‌ను కాలమ్ నుంచి దించిన అదే ఎల్యూషన్ బఫర్‌ను బ్లాంక్‌గా పెట్టండి, లేదా బ్రాడ్‌ఫర్డ్ (రంగు మార్పుతో ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష) చేయండి. బీసీఏ అనే మరో ప్రోటీన్ పరీక్ష మాత్రం వద్దు, దానికి ఇమిడజోల్ అడ్డొస్తుంది. ఫిల్టర్ ఎంపికలో పొరపాటేమీ లేదు; ప్రోటీన్ బరువులో సగానికో మూడో వంతుకో దగ్గరగా ఉన్న పరిమాణం చాలు.

జవాబు 2

నా అనుమానమంతా ట్రిస్ మీదే. దాని పీహెచ్, వేడి పెరిగే కొద్దీ డిగ్రీకి సుమారు 0.028 చొప్పున తగ్గుతుంది. 4 డిగ్రీల దగ్గర 8.0 ఉన్న బఫర్ 30 డిగ్రీలకు చేరేసరికి దాదాపు 7.3 అవుతుంది, అంటే సరిగ్గా మీ పీఐ. నికర ఆవేశం లేని ప్రోటీన్, తోడుగా ఉన్న ఉప్పును కూడా తీసేస్తే, మడ్డి కట్టడంలో వింతేమీ లేదు. దానికితోడు అరగంట ఆపకుండా తిప్పినందువల్ల పొర పక్కన ప్రోటీన్ మిగతా ద్రవంలో కన్నా ఎంతో చిక్కబడి ఉంటుంది. ఐదేసి నిమిషాలకొకసారి ఆపి, పిపెట్‌తో పొరకు తగలకుండా మెల్లగా కలపండి.

ఉప్పు, ఇమిడజోల్ పోవడానికి 300 మైక్రోలీటర్ల దాకా దించనవసరం లేదు. 1.5 మిల్లీలీటర్ల దగ్గర ఆపి మళ్లీ 15కి నింపితే ప్రతిసారీ పదో వంతు మిగులుతుంది. అలా మూడుసార్లు చేస్తే 250 మిల్లీమోలార్ ఇమిడజోల్ కాస్తా 0.25 మిల్లీమోలార్‌కు వస్తుంది. ట్రిస్ పీహెచ్‌ను తిప్పబోయే ఉష్ణోగ్రత దగ్గరే 8.5కి సరిచేసుకోండి.

ఇంకో మాట: ఎల్యూషన్‌లో ట్రైటన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ ఉంటే అది ఈ పద్ధతిలో పోదు. దాని మైసెల్స్ (అణువుల గుంపులు) పెద్దవి, ప్రోటీన్‌తో పాటే పైన చిక్కబడతాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. బ్రాడ్‌ఫర్డ్‌లో కింది ద్రవానికి రంగు మారలేదు, పొర బాగానే ఉంది. పక్క ల్యాబ్‌లో కూలింగ్ ఉన్న సెంట్రిఫ్యూజ్ అడిగి తీసుకుని, 4 డిగ్రీల దగ్గరే 8.5కి సరిచేసిన ట్రిస్‌తో మధ్యమధ్య కలుపుతూ మూడు విడతలు చేశాను. ఈసారి నమూనా తేటగానే ఉంది. పాత మడ్డిని మాత్రం పారేయక తప్పలేదు.