అప్‌డేట్: ప్యాకింగ్ విభాగంలో నడుము, మెడ నొప్పులు – ఇప్పటివరకు మారినవి

అనంతపురం దగ్గర వేరుశనగ గింజలు ప్యాక్ చేసే యూనిట్‌లో షిఫ్టు సూపర్‌వైజరుగా పనిచేస్తున్న నేను, మా విభాగంలోని ఆడవాళ్లకు నడుము, మెడ నొప్పులు ఎందుకు తగ్గడం లేదని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. నడుము బెల్టుల కంటే ముందు బల్లల ఎత్తు చూడమని మీలో కొందరు చెప్పిన సలహాయే బాగా పనిచేసింది.

మా బల్లలన్నీ ఒకే ఎత్తువి. పొట్టిగా ఉండే ఒక అక్క సీలింగ్ మిషన్ దగ్గర కవరు మూతిని సరిచేసిన ప్రతిసారీ భుజాలు చెవుల దాకా ఎత్తవలసి వచ్చేది. పక్కనే పొడవైన అమ్మాయి అదే ఎత్తున్న తన బల్ల మీదికి షిఫ్టంతా మెడ వంచి నిలబడేది. తేలిక పనికి బల్ల దాదాపు మోచేతి ఎత్తులో ఉండాలి కనుక ఒకరికి కాళ్ల కింద వెడల్పాటి చెక్క పీట వేయించి, మరొకరి బల్లను ఎత్తించాం. నిలబడి పనిచేసేవారికి వీలున్నప్పుడు కూర్చునే వసతి ఉండాలన్న, అప్పట్లో అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌ను చూపించాక స్టూళ్లు కూడా వచ్చాయి.

బస్తాలు ఎత్తే సంగతే ఇంకా తేలలేదు. పనిచోట భద్రత, ఆరోగ్యంపై పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నయోష్ (NIOSH), బరువులెత్తడానికి 1991లో సవరించిన సూత్రం ప్రకారం అన్నీ అనుకూలించినా ఒక్కరు ఎత్తడానికి 23 కిలోలే పరిమితి. బరువు ఒంటికి దూరమైనా, నడుము తిప్పి ఎత్తినా అది ఇంకా తగ్గుతుంది. మా బస్తా 30 కిలోలు. చిన్న బస్తాల కోసం యాజమాన్యాన్ని అడుగుతూనే ఉన్నాను; అప్పటిదాకా ఇద్దరు కలిసి ఎత్తుతున్నారు. పీట వేయించిన ఆ అక్కకు వేళ్లలో తిమ్మిరి కూడా ఉండేది; అది మాత్రం పోలేదు కనుక ఈఎస్ఐ డాక్టరుకు చూపించుకోమని పంపాను.