పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్ ప్రతిసారీ 30 శాతం దగ్గరే ఆగిపోతోంది

ప్రశ్న: కావలి డీటీపీ

నమస్కారం. మా డీటీపీ కేంద్రంలో నేను రోజూ పనిచేసే ల్యాప్‌టాప్ 2014లో కొన్నది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. కొన్నప్పుడు అందులో విండోస్ 8.1 ఉండేది, ఉచితంగా ఇచ్చిన రోజుల్లో విండోస్ 10కు మార్చుకున్నాను, ఇప్పుడు 22హెచ్2 వెర్షన్ నడుస్తోంది. ప్రాసెసర్ పాతది కావడంతో విండోస్ 11కు వెళ్లే దారి లేదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది కాబట్టి, 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఈఎస్‌యూ పథకంలో చేరాను. నమోదు సక్రమంగానే జరిగింది.

చిక్కంతా అప్‌డేట్ ఎక్కించడం దగ్గర వస్తోంది. డౌన్‌లోడ్ పూర్తవుతుంది, సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్ కూడా నూరు శాతానికి చేరుతుంది, రీస్టార్ట్ చేయమంటుంది. రీస్టార్ట్ చేశాక నీలి తెర మీద ‘వర్కింగ్ ఆన్ అప్‌డేట్స్’ అని వచ్చి, 30 శాతం దగ్గర గంటల తరబడి కదలకుండా ఉండిపోతుంది. రాత్రంతా వదిలేసి చూస్తే, తెల్లవారేసరికి ‘అన్‌డూయింగ్ ఛేంజెస్’ అని చూపించి పాత స్థితికే వచ్చింది. బ్యాటరీలో ఛార్జి నిలవడం లేదు. మధ్యలో కరెంటు పోతే యంత్రం ఆగిపోతుంది, మళ్లీ ఆన్ చేస్తే అదే వెనక్కి తీసుకునే తంతు. ట్రబుల్‌షూటర్ నడిపితే సమస్యను సరిచేసినట్లు చెబుతుంది గాని ఫలితం మారలేదు.

ఫార్మాట్ చేయించుకోమని తెలిసినవారు సలహా ఇస్తున్నారు. అను తెలుగు ఫాంట్లు, వాటి కీబోర్డు, పేజీలు అమర్చే పేజ్‌మేకర్, ఏళ్ల తరబడి చేసిన పెళ్లి కార్డులు, కరపత్రాలు, సావనీర్ల పేజీలు అన్నీ ఇందులోనే ఉన్నాయి కనుక ఫార్మాట్ అంటే నాకు పని ఆగిపోవడమే. సి డ్రైవ్ 100 జీబీ, అందులో 9 జీబీ ఖాళీ ఉంది. తెర 30 శాతం దగ్గర ఉన్నప్పుడు లోపల పని జరుగుతోందో, నిజంగానే ఆగిపోయిందో ఎలా తెలుసుకోవాలి? ఆ స్థితిలో పవర్ బటన్ నొక్కి ఆపేయవచ్చా? ఫార్మాట్ లేకుండా బాగుపడే మార్గం ఉందా?

జవాబు: బెజవాడ సర్వీస్

మీరు అడిగిన మొదటి ప్రశ్నే అన్నిటికంటె ముఖ్యమైనదండీ. చాలామంది దానిని దాటేసి నేరుగా మరమ్మతు కమాండ్ల మీద పడతారు.

తెర మీద కనిపించే శాతం, మిగిలిన సమయానికి కొలత కాదు. రీస్టార్ట్ తర్వాత జరిగేదంతా కొత్త ఫైళ్లను విండోస్ ఫోల్డరులో వాటి వాటి చోట్ల చేర్చడం, పాతవాటిని పక్కకు తీయడం, విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీని సవరించడం. ఒక్కొక్క నెల అప్‌డేట్ వేల కొద్దీ చిన్న ఫైళ్లను తాకుతుంది. మీ ల్యాప్‌టాప్ కాలం నాటి హార్డ్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరిగే రకం. అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న చిన్న ఫైళ్లను అవి సెకనుకు సుమారు వంద సార్లకు మించి అందుకోలేవు, అదే పని తిరిగే భాగాలు లేని మామూలు ఎస్ఎస్‌డీ డిస్కు పది వేల సార్లకు పైగా చేస్తుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న పాత డిస్కు కూడా 30 శాతం దగ్గర గంట, రెండు గంటలు కూర్చోవడం వింత కాదు. రాత్రంతా కూర్చోవడం మాత్రం మామూలు విషయం కాదు.

తెర ఏమీ చెప్పనప్పుడు ల్యాప్‌టాప్ అంచున ఉండే డిస్కు లైటును చూడండి. పాత మోడళ్లలో ఇది దాదాపు తప్పక ఉంటుంది, చిన్న స్థూపం బొమ్మ పక్కన వెలుగుతుంది. అది లయ లేకుండా మిణుకుమిణుకుమంటూ ఉంటే పని సాగుతోంది, కదిలించకండి. లైటు ఆరకుండా ఏకధాటిగా వెలుగుతూ, చెవి దగ్గర పెట్టి వింటే ఒకే తీరున ‘టిక్’ మని కాసేపు ఆగి మళ్లీ ‘టిక్’ మంటూ ఉంటే, డిస్కు ఏదో ఒక చోట చదవలేక అదే సెక్టారును, అంటే డేటా ఉండే చిన్న గడిని, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందని అర్థం. లైటు అరగంటకు పైగా పూర్తిగా ఆరిపోయి ఉంటే, అప్పుడు నిజంగా ఆగిపోయిందనుకోవచ్చు. పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కిపట్టి ఆపడానికి తగిన సందర్భం అదొక్కటే. ఫైళ్లు రాస్తుండగా ఆపితే విండోస్ చాలాసార్లు తనంతట తానే వెనక్కి వెళ్లి లేస్తుంది, మీ విషయంలో అదే జరిగింది, కాని ప్రతిసారీ లేస్తుందన్న భరోసా లేదు. బ్యాటరీ నిలవని యంత్రానికి అప్‌డేట్ పెట్టేటప్పుడు ఇన్వర్టర్ లైను మీదే పెట్టండి.

విండోస్‌లోకి వచ్చాక రెండు చోట్ల చూడండి. యంత్రంలో జరిగినవాటిని విండోస్ నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లోకి వెళ్లి, సోర్స్ గడిలో ‘డిస్క్’ అని ఉన్న వరుసలు వెతకండి. ఈవెంట్ సంఖ్య 7 అయితే డిస్కులో చెడిన బ్లాకు ఉందని, 153 అయితే చదవడమో రాయడమో ఒకసారి కుదరక మళ్లీ ప్రయత్నించిందని భావం. వాటి సమయాలు అప్‌డేట్ ఆగిపోయిన సమయాలతో కలిస్తే ఇక అనుమానించనక్కరలేదు. ఆ తర్వాత క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో డిస్కు లోపలి లెక్కలు చూడండి. 05, సీ5, సీ6 అనే మూడు వరుసల చివర ఉండే విలువలు సున్నాలుగా ఉండాలి. ఆ విలువలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో కనిపిస్తాయి, అంటే అక్కడ 10 అని ఉంటే మన లెక్కలో 16. సీ5 అంటే చదవడానికి మొండికేసి, ఇంకా తేలని సెక్టార్ల లెక్క.

సీ5 సున్నా కాకపోతే, దయచేసి ఏ మరమ్మతు కమాండూ నడపకండి. ముఖ్యంగా డిస్కు మొత్తాన్ని చదివించే చెక్‌డిస్క్ ఆర్ వద్దే వద్దు. ఊపిరి అందని డిస్కు చేత గంటల కొద్దీ పరుగు పెట్టించినట్లవుతుంది, మీ ఫైళ్లు బయటికి రాకముందే అది పూర్తిగా పడిపోవచ్చు. ముందు ఫైళ్లను వేరే చోటికి కాపీ చేసుకుని, ఆ లెక్కలు ఇక్కడ రాయండి.

జవాబు: నెట్‌వర్క్ నిర్వాహకురాలు, హైదరాబాద్

పై క్రమమే సరైనది. డిస్కు శుభ్రంగా ఉందని తేలితే చూడవలసిన సాఫ్ట్‌వేర్ వైపు సంగతులు రాస్తున్నాను.

ఎక్కడ వెతికినా సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డరును ఖాళీ చేయమని మొదట చెబుతారు. అది దించుకున్న అప్‌డేట్లను దాచే చోటు; డౌన్‌లోడ్ సగంలో నిలిచిపోయినప్పుడో, దించుకున్న ఫైలు చెడినప్పుడో విండోస్ అప్‌డేట్, బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ అనే రెండు సర్వీసులను ఆపి దానిని ఖాళీ చేస్తే ఉపయోగం ఉంటుంది. మీకు డౌన్‌లోడ్, సెట్టింగ్స్‌లోని ఇన్‌స్టాల్ దశ రెండూ పూర్తవుతున్నాయి, చిక్కు ఆ తర్వాత వస్తోంది కనుక దానివల్ల మీకు ఒరిగేది తక్కువ. అలాగే 2024 జనవరిలో వచ్చిన కేబీ5034441 అప్‌డేట్ గురించి కూడా ఎవరైనా చెప్పవచ్చు. విండోస్‌ను బాగుచేసే సాధనాలకు కేటాయించిన డిస్కు భాగంలో, అంటే రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేని యంత్రాల్లో అది 80070643 అనే ఎర్రర్‌తో విఫలమయ్యేది; 8.1 నుంచి మారిన యంత్రాల్లో ఆ పార్టిషన్ చిన్నదిగా ఉండే అవకాశం ఉంది. కాని అది ఎర్రర్ చూపించి విఫలమయ్యే రకం, గంటల తరబడి వేలాడే రకం కాదు.

మీకు సరిపోయే పని ఇది. అడ్మినిస్ట్రేటర్ హోదాలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ముందు డిస్మ్ రీస్టోర్ హెల్త్, అది పూర్తయ్యాక చెడిన సిస్టమ్ ఫైళ్లను సరిచేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ అనే కమాండ్లు నడపాలి. ఎస్ఎఫ్‌సీ మంచి ప్రతులను తెచ్చుకునే నిల్వను బాగుచేసేది డిస్మ్ కాబట్టి ఈ వరుస మార్చకూడదు. డిస్మ్ 62.3 శాతం దగ్గర చాలాసేపు నిలబడినట్లు కనిపించడం మామూలే, మూసేయకండి. విండోస్ ఫోల్డరులోని లాగ్స్, సీబీఎస్ అనే దారిలో ఉన్న సీబీఎస్ లాగ్ ఫైలు పరిమాణం పెరుగుతోందంటే లోపల పని జరుగుతున్నట్లే.

అప్పటికీ అప్‌డేట్ ఎక్కకపోతే, విండోస్ 10 22హెచ్2 ఇన్‌స్టాలేషన్ అంతా ఒకే ఫైలుగా ఉండే ఐఎస్ఓను దించుకుని, విండోస్ నడుస్తుండగానే తెరిచి, లోపలి సెటప్‌ను నడపండి. ‘కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్’ అన్నది ఎంచుకుంటే సిస్టమ్ ఫైళ్లన్నీ కొత్తవి వస్తాయి. పేజ్‌మేకరూ, అను ఫాంట్లూ, మీ పత్రాలూ అలాగే ఉంటాయి. ఫార్మాట్ చేయమనే ముందు ఎవరైనా చేసి చూడవలసిన పని ఇదే. భాష, ఎడిషన్ ఇప్పుడున్నవాటితో సరిపోవాలి, లేకపోతే ఆ ఎంపిక కనిపించదు. సి డ్రైవ్‌లో 20 జీబీకి తగ్గకుండా ఖాళీ పెట్టుకోండి, 9 జీబీ చాలదు. పెన్ డ్రైవ్, ప్రింటర్, మెమరీ కార్డు ఏవీ తగిలించి ఉంచకండి.

మరొక్క విషయం. కరెంటు పోయి వచ్చినప్పుడు గడియారం పాత తేదీకి వెళ్తుంటే మదర్‌బోర్డు మీది చిన్న సెల్లు అయిపోయినట్లే. తేదీ తప్పయితే అప్‌డేట్ సర్వరుతో భద్రమైన కనెక్షనే కుదరదు. ఇది మీ సమస్యకు మూలం కాకపోయినా, పన్నెండేళ్ల నాటి యంత్రంలో చూసుకోవలసినదే.

తిరుగు ప్రశ్న: కావలి డీటీపీ

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈవెంట్ వ్యూయర్‌లో సంఖ్య 7 వరుసలు గుంపుగా ఉన్నాయి, వాటి సమయాలు అప్‌డేట్ ఆగిన రాత్రితో సరిగ్గా కలుస్తున్నాయి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో పసుపు రంగులో ‘కాషన్’ అని చూపిస్తోంది. సీ5 వరుసలో 18 అని ఉంది, మీరు చెప్పిన లెక్క ప్రకారం అది 24. లైటు ఏకధాటిగా వెలగడం, ఆ టిక్ శబ్దం రెండూ గమనించాను. మరమ్మతు కమాండ్లు ఏవీ నడపలేదు. నా పేజ్‌మేకర్ ఫైళ్లను బయటి డిస్కుకు కాపీ చేస్తున్నాను. ఇప్పుడు ఎస్ఎస్‌డీ కొని ఉన్నదున్నట్లుగా క్లోన్ చేయించాలా, కొత్తగా విండోస్ వేయించాలా? అను కీబోర్డు, పేజ్‌మేకర్ మళ్లీ వేసుకోవడం నాకు తేలిక కాదు కనుక అడుగుతున్నాను.

జవాబు: బెజవాడ సర్వీస్

క్లోన్ చేయించండి, మీ పరిస్థితికి అదే తగినది. మామూలు క్లోనింగ్ ప్రోగ్రాములు చదవలేని సెక్టారు తగలగానే ఎర్రర్ ఇచ్చి ఆగిపోవడం తరచుగా జరుగుతుంది కాబట్టి, లినక్స్ పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేసి గ్నూ డీడీరెస్క్యూ అనే పనిముట్టుతో చేయాలి. అది ముందు చదవగలిగిన భాగమంతా గబగబా తీసుకుని, మొండి చోట్ల దగ్గరికి ఆఖరున తిరిగి వస్తుంది. ఎంతవరకు వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కనుక మధ్యలో కరెంటు పోయినా అక్కడి నుంచే కొనసాగించవచ్చు. ఆ మ్యాప్ ఫైలును వేరే పెన్ డ్రైవ్ మీద పెట్టుకోండి. ఏ డిస్కు నుంచి ఏ డిస్కుకు అన్నది తారుమారైతే ఖాళీ ఎస్ఎస్‌డీ మీ డేటా మీద పడుతుంది, అందుకని డిస్కుల మోడల్ పేర్లు చూసి నిర్ధారించుకున్నాకే కమాండ్ ఇవ్వాలి. అలవాటు లేకపోతే మీ దగ్గరలో ఈ పని తెలిసినవారి చేత చేయించండి.

కొనేటప్పుడు 480 జీబీ ఎస్ఎస్‌డీ తీసుకోకండి. మీ డిస్కు 500 జీబీ కనుక సెక్టారుకు సెక్టారు కాపీ అందులో పట్టదు. 500 లేదా అంతకు మించినది, 2.5 అంగుళాల సాటా రకం కావాలి. ఎస్ఎస్‌డీ మందం 7 మిల్లీమీటర్లు, పాత ల్యాప్‌టాప్‌లలో డిస్కు గూడు 9.5 ఉండవచ్చు, కదలకుండా సన్నని ఫ్రేము పెట్టమని చెప్పండి. మదర్‌బోర్డు మారదు కాబట్టి విండోస్ యాక్టివేషన్ పోదు. వీలైతే ర్యామ్ కూడా 8 జీబీ చేయించండి. మీ తరం ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా వాడేది డీడీఆర్3ఎల్ రకం, అయినా విప్పి ఉన్నది చూశాకే కొనాలి.

క్లోన్ పూర్తయ్యాక, చివరికీ చదవలేకపోయిన సెక్టార్ల స్థానంలో, కొత్త ఎస్ఎస్‌డీ అయితే, సున్నాలు ఉంటాయి. అవి ఏ ఫైళ్ల మీద పడ్డాయన్నదే ఇప్పుడు ప్రశ్న. అప్‌డేట్ ఆగిన సమయంలోనే ఎర్రర్లు వచ్చాయి కనుక కొన్నయినా విండోస్ సిస్టమ్ ఫైళ్లలో ఉన్నాయని నా అంచనా. ఎస్ఎస్‌డీ నుంచి బూట్ అయ్యాక చెక్‌డిస్క్, ఆ తర్వాత పైన మేడమ్ గారు చెప్పిన డిస్మ్, ఎస్ఎఫ్‌సీ అదే వరుసలో నడపండి. అప్పుడు అవి వద్దన్న పనులు కావు, తప్పనిసరిగా చేయవలసినవి.

జవాబు: నెట్‌వర్క్ నిర్వాహకురాలు, హైదరాబాద్

కాపీ చేస్తున్నానన్నారు కాబట్టి ఒక మాట. పేజ్‌మేకర్ పెద్ద బొమ్మలను చాలావరకు తన ఫైలు లోపల దాచదు, ఫలానా ఫోల్డరులో ఉందని గుర్తు మాత్రమే పెట్టుకుంటుంది. పేజీల ఫైళ్లు ఒక్కటే తీసుకుంటే తర్వాత తెరిచినప్పుడు ఫొటోలు, లోగోలు మసకగానో ఖాళీగానో వస్తాయి. ఆ బొమ్మల ఫోల్డర్లను కూడా, పేర్లు మార్చకుండా, అదే అమరికలో కాపీ చేయండి. ఫాంట్ల ఫైళ్లనూ, అను ఇన్‌స్టాలర్, దాని లైసెన్సు వివరాలనూ విడిగా పెట్టుకోండి. కాపీ మధ్యలో ఏదైనా ఫైలు దగ్గర యంత్రం బిగుసుకుపోతే దాని పేరు రాసుకుని, దానిని వదిలి తర్వాతి ఫోల్డరుకు వెళ్లండి. ఆ ఒక్క ఫైలు కోసం పట్టుబట్టి పదేపదే ప్రయత్నిస్తే మిగతావి పోవచ్చు. కొత్త ఎస్ఎస్‌డీ మీద అప్‌డేట్ ఎక్కి, మీ పాత పేజీలు తెరిచి ఒకటి రెండు ప్రింట్లు తీసి చూసుకునేదాకా పాత డిస్కును ఎవరికీ ఇవ్వకండి, ఫార్మాట్ చేయకండి.