అమ్మకు పక్షవాతం, నాకు గ్రీన్ కార్డు: సిటిజన్‌షిప్‌కి వెళ్ళాలా, వదిలేయాలా?

తెనాలి అమ్మాయి (నవంబర్ 24, రాత్రి 11:40)
సాయంత్రం నుంచి నాలుగు గంటలు ఇదే చదువుతున్నాను. చదివే కొద్దీ అయోమయం. ఎవరైనా సూటిగా చెప్పండి ప్లీజ్. నాకు గ్రీన్ కార్డు ఉంది. జూన్‌లో అమ్మకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. నాన్న లేరు, నేనొక్కదాన్నే సంతానం. సిటిజన్‌షిప్‌కి ఇంకా ఏడాదిన్నర ఆగాలి. అంతవరకు అమ్మని పనిమనిషికి అప్పజెప్పి అమెరికాలో కూర్చోవాలా? లేకపోతే ఆ ఆశ వదిలేసి అమ్మ దగ్గర ఉండిపోవాలా? ఇండియాలో ఎన్నాళ్ళు ఉండొచ్చంటే ఒకరు ఆరు నెలలంటారు, ఇంకొకరు ఏడాదంటారు, రీఎంట్రీ పర్మిట్ (ఎక్కువ కాలం బయటుండి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) ఉంటే రెండేళ్ళు ఉండొచ్చని మా ఆడపడుచు అంటోంది. ఏది నిజం?

బే ఏరియా రావు
మీ ఆడపడుచు చెప్పింది కరెక్టే. ఆ పర్మిట్‌కి ఫారం ఐ-131 వేయండి. మామూలుగా రెండేళ్ళకి ఇస్తారు. మనవాళ్ళు చేసే పెద్ద తప్పు ఇదే, గ్రీన్ కార్డు చేతికి రాగానే శాశ్వతం అనుకుంటారు. అది అమెరికాలో కాపురం ఉండేవాళ్ళకిచ్చే కార్డు. ఏడాది దాటి బయటుంటే ఆ కార్డు ఒక్కటీ చూపించి లోపలికి రాలేరు. నేను పదేళ్ళుగా అందరికీ చెబుతున్నాను, ఇండియా వెళ్ళే ముందు పర్మిట్ వేసి వెళ్ళండని. ఎవరూ వినరు.

లెక్కల మాస్టారు
గ్రీన్ కార్డు తేదీ? ఎలా వచ్చింది? ఇప్పుడు ఎక్కడున్నారు? ఇవి చెప్పకపోతే ఏం చెప్పినా ఊహే.

పొలం గట్టు
అమ్మగారి పేరు మీద పొలం ఉందా? ముందు అది చూసుకోండి. అమెరికా సిటిజన్ అయ్యాక ఓసీఐ (విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నా వ్యవసాయ భూమి కొనడానికి లేదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమ్మదలిస్తే మాత్రం ఇండియాలో ఉండే భారత పౌరుడికే అమ్మాలి. పట్టాదారు పాస్‌పుస్తకం, అడంగల్‌లో పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసి పెట్టుకోండి. మా బావమరిది పాస్‌పుస్తకంలో ఇంటిపేరు ఒక్క అక్షరం తేడా ఉంటే రెండేళ్ళు ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగాడు.

తెనాలి అమ్మాయి
ఎకరంన్నర నిమ్మతోట ఉందండి, కానీ ఇప్పుడు నా బాధ అది కాదు. కార్డు 2022 మే 18న వచ్చింది. నేను తెనాలిలోనే ఉన్నాను. అమ్మని వదిలి ఎలా ఉంటాను? ఫోన్ రాగానే జూన్ 20న బయల్దేరాను.

లెక్కల మాస్టారు
అయితే రీఎంట్రీ పర్మిట్ మాట మర్చిపోండి. అప్లై చేసే రోజు మనిషి అమెరికాలో ఉండాలి. తెనాలి నుంచి కుదరదు.

బే ఏరియా రావు
ఇండియాలో ఉన్నానని ఆవిడ మొదట చెప్పలేదు కదండీ. చెప్పి ఉంటే నేను ఆ మాటే అనేవాణ్ణి కాదు. అయినా ఒకసారి వచ్చి, అప్లై చేసి, వేలిముద్రలిచ్చి మళ్ళీ వెళ్ళొచ్చు.

లెక్కల మాస్టారు
వెళ్ళొచ్చు. కానీ పర్మిట్ కాపాడేది కార్డుని. సిటిజన్‌షిప్‌కి లెక్కపెట్టే కాలాన్ని కాదు. ఏడాది దాటితే పర్మిట్ ఉన్నా ఆ కాలం తెగిపోతుంది.

బే ఏరియా రావు
నా ఫ్రెండు పర్మిట్ మీద పద్నాలుగు నెలలు ఉండి వచ్చాడు. ఏమీ కాలేదు. ఐదేళ్ళలో 30 నెలలు అమెరికాలో ఉంటే చాలు.

లెక్కల మాస్టారు
రెండూ కలిపేస్తున్నారు. 30 నెలలనేది ఫిజికల్ ప్రెజెన్స్, అంటే మనిషి అక్కడున్న రోజుల లెక్క. కంటిన్యువస్ రెసిడెన్స్ వేరు, కాపురం అక్కడే తెగకుండా ఉందా అన్నది. రెండూ ఉండాలి. ఒకే ట్రిప్పులో ఆరు నెలలు దాటితే తెగిందనే అనుకుంటారు. కాదని మనం కాగితాలతో రుజువు చేసుకోవాలి. ఏడాది అయితే ఆ వాదన కూడా ఉండదు. మీ ఫ్రెండు సిటిజన్‌షిప్‌కి అప్లై చేశాడా?

బే ఏరియా రావు
ఇంకా లేదు.

డాలస్ పిన్ని
అమ్మాయీ, మాస్టారు అడిగిన రెండో ప్రశ్నకి నువ్వు జవాబివ్వలేదు. కార్డు ఉద్యోగం మీద వచ్చిందా, పెళ్ళి మీదా?

తెనాలి అమ్మాయి
ఆలస్యమైంది, క్షమించండి. అమ్మకి ఫిజియో చేయిస్తున్నాను. కంచంలో శనగలు పోసి ఒక్కొక్కటీ కుడి చేత్తో తీసి గిన్నెలో వేయమన్నారు. ఇవాళ ఏడు వేసింది. మొన్నటిదాకా ఒక్కటి కూడా పట్టు దొరికేది కాదు.
పెళ్ళి మీదే పిన్నిగారూ. మా ఆయన 2018 నుంచి సిటిజన్. మా పెళ్ళి 2019లో అయింది. ఇది ముఖ్యమనుకోలేదు.

లెక్కల మాస్టారు
అదే ముఖ్యం. మీకు ఐదేళ్ళు కాదు, మూడేళ్ళు. సిటిజన్ భర్తతో కాపురం చేస్తున్నవాళ్ళ రూలు అది. మూడేళ్ళలో 18 నెలలు అక్కడ ఉంటే చాలు. మే 2025కే మీకు మూడేళ్ళు నిండాయి.

తెనాలి అమ్మాయి
అంటే ఇండియాకి రాకముందే అప్లై చేసి ఉండొచ్చా?

లెక్కల మాస్టారు
అవును. మూడేళ్ళు నిండడానికి 90 రోజుల ముందు నుంచే వేయనిస్తారు.

డాలస్ పిన్ని
అయిందేదో అయింది, దానికి బాధపడకు. ఇప్పుడు చూడాల్సింది తేదీ. జూన్ 20 నుంచి 180 రోజులంటే డిసెంబర్ 17. అంచుదాకా ఆగకు, విమానం రద్దయితే ఏం చేస్తావు? ముందే వచ్చి ఎన్-400, అంటే సిటిజన్‌షిప్ దరఖాస్తు వెయ్యి. వేశాక కూడా ఇండియా వెళ్ళి రావచ్చు. వేలిముద్రలకి, ఇంటర్వ్యూకి, ప్రమాణానికి మాత్రం ఉండాలి. ఆ మధ్యలో కూడా ఏ ట్రిప్పూ ఆరు నెలలు దాటకూడదు. ఇంకొక మాట, మూడేళ్ళ రూలులో భార్యాభర్తలు కలిసి కాపురం చేస్తున్నారా అన్నది చూస్తారు. ఇన్ని నెలలు ఎందుకు విడిగా ఉన్నారని అడిగితే చూపించడానికి అమ్మ ఆస్పత్రి కాగితాలు, మీ ఇద్దరి పేరు మీద ఉన్న అద్దె కాగితాలు, టాక్స్ రిటర్న్‌లు ఒక ఫైల్లో పెట్టుకో.

నా సంగతి చెబుతాను. మా నాన్న గుంటూరులో మంచాన పడ్డప్పుడు నాకూ గ్రీన్ కార్డే. ఐదో నెల రాగానే గుండెల్లో దడ. నాన్న చెయ్యి పట్టుకుని కూర్చునే క్యాలెండర్ చూసేదాన్ని. సిటిజన్‌షిప్ తీసుకుంటే ఊరికి పరాయిదాన్నవుతానని మూడుసార్లు ఫారం నింపి పక్కన పెట్టాను. తీరా తీసుకున్నాక ఓసీఐ మీద వెళ్ళి పద్నాలుగు నెలలు నాన్న దగ్గరే ఉన్నాను. ఎప్పుడొస్తావని ఏ ఆఫీసరూ అడగలేదు. సిటిజన్‌కి ఆ లెక్క లేదు. నువ్వు అమ్మ కావాలా, సిటిజన్‌షిప్ కావాలా అని అడుగుతున్నావు. నీ విషయంలో ఆ రెండోది ఉంటేనే మొదటిదాని దగ్గర నిశ్చింతగా ఉండగలవు.

బే ఏరియా రావు
సిటిజన్ అయితే అమ్మగారికే గ్రీన్ కార్డు వేయొచ్చు. తల్లిదండ్రులకి కోటా లేదు, క్యూ ఉండదు. గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళు తల్లిదండ్రులకి వేయలేరు.

డాలస్ పిన్ని
వేయొచ్చు. కానీ కొత్తగా వచ్చిన పెద్దవాళ్ళకి మెడికేర్ (పెద్దవాళ్ళకి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కొనుక్కోవాలన్నా ఐదేళ్ళు అక్కడ ఉండాలి. పక్షవాతం మనిషికి ఆ ఐదేళ్ళు వైద్యం ఎలా? పైగా ఆవిడ ఇల్లు వదిలి వస్తుందో రాదో కూతురికే తెలియాలి.

పొలం గట్టు
ఓసీఐ అంటే ద్వంద్వ పౌరసత్వమే కాబట్టి ఇండియా పౌరసత్వం పోతుందని బెంగ పెట్టుకోవద్దు.

లెక్కల మాస్టారు
కాదు. పేరులో సిటిజన్ అని ఉన్నంత మాత్రాన పౌరసత్వం కాదు, అది జీవితకాల వీసా లాంటిది. ఓటు లేదు. మన రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు.

పొలం గట్టు
మనం సరెండర్ చేసేదాకా ఇండియా పౌరసత్వం ఉన్నట్టే.

లెక్కల మాస్టారు
సరెండర్ చేసేది పాస్‌పోర్టు. 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం వేరే దేశ పౌరసత్వం తీసుకున్న క్షణమే మనది ముగుస్తుంది. మనంతట మనం డిక్లరేషన్ ఇచ్చి వదులుకునేది సెక్షన్ 8. ప్రమాణం చేశాక పాత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకండి. ఓసీఐ వచ్చేలోగా వెళ్ళాల్సి వస్తే వీసా తీసుకోవాలి. అమ్మ పరిస్థితి దృష్ట్యా ఆ కొన్ని వారాలకి ఎవరుంటారో ముందే చూసుకోండి.

పొలం గట్టు
చట్టంలో ఏమున్నా వాడుకలో అందరూ ద్వంద్వమనే అంటారు.

తెనాలి అమ్మాయి (నవంబర్ 26)
డిసెంబర్ 6కి టికెట్ తీసుకున్నాను. రేపల్లె నుంచి మా మేనత్త వచ్చి ఉంటానంది. అమ్మకి ఇంకా చెప్పలేదు, రేపు ఫిజియో అయ్యాక చెబుతాను. పిన్నిగారికీ, మాస్టారికీ చాలా థ్యాంక్స్. పొలం గట్టు గారూ, మా పాస్‌పుస్తకం ఇంకా నాన్న పేరు మీదే ఉంది. నేను వెళ్ళేలోపు అమ్మ పేరుకి మార్చడం కుదురుతుందా?