చమురు సీమల్లో గాలిమరల రాజకీయం: టెక్సాస్‌కూ ఆల్బెర్టాకూ తేడా ఎక్కడ?

ప్రశ్న (అలిపిరి విద్యార్థి, తిరుపతి):

నేను తిరుపతిలో రాజనీతి శాస్త్రం పీజీ చదువుతున్నాను. చమురు ఉత్పత్తి చేసే ప్రాంతాల్లో పునరుత్పాదక విద్యుత్తు రాజకీయాలను సెమినారు అంశంగా తీసుకున్నాను. అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ చమురు తీసే టెక్సాస్, పవన విద్యుత్తులోనూ మొదటి స్థానంలో ఉంది. అక్కడ 1999లో పునరుత్పాదక విద్యుత్తుకు లక్ష్యం విధించిన చట్టంపై సంతకం చేసినది, చమురు వ్యాపారం నుంచి వచ్చిన గవర్నర్ జార్జ్ డబ్ల్యూ. బుష్. కెనడాలోని ఆల్బెర్టా కూడా చమురు సీమే, అక్కడా విద్యుత్తు ఉత్పత్తి పోటీ మార్కెట్టులోనే జరుగుతుంది. అయినా 2023 ఆగస్టులో డానియెల్ స్మిత్ ప్రభుత్వం కొత్త సౌర, పవన ప్రాజెక్టుల అనుమతులను దాదాపు 7 నెలల పాటు నిలిపివేసింది. రెండుచోట్లా సంప్రదాయవాద పార్టీలే ఏలుతున్నాయి కదా, మరి ఈ తేడా ఎందుకు వచ్చింది? చమురు లాబీ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. పెద్దలు వివరించగలరు.

జవాబు 1 (విశ్రాంత విద్యుత్ ఇంజినీరు, చిత్తూరు):

భూమి కింద ఉన్న సంపద ఎవరిది అన్న దగ్గరే తేడా మొదలవుతుందని నా అభిప్రాయం. ఆల్బెర్టాలో ఖనిజ హక్కుల్లో సుమారు 81 శాతం ప్రభుత్వానివి కాబట్టి చమురు రాయల్టీ నేరుగా ఖజానాకు చేరుతుంది, ఏటా బడ్జెట్టులో మిగులు వస్తుందా లోటు వస్తుందా అన్నది చాలావరకు చమురు ధరే తేలుస్తుంది. గాలికి రాయల్టీ లేదు. గాలిమర మీద వచ్చే కౌలు రైతుకూ, ఆస్తిపన్ను స్థానిక సంస్థకూ పోతాయి. టెక్సాస్‌లో ఖనిజ హక్కులు ఎక్కువగా ప్రైవేటు వ్యక్తుల చేతుల్లో ఉన్నాయి. తాతల నాడే చమురు బావికి కౌలు రాసిన కుటుంబానికి గాలిమరకు రాయడం కొత్త విద్యేమీ కాదు.

దీనికి తోడు లైన్ల సంగతి కూడా చూడాలి. గాలి పడమటి టెక్సాస్‌లో వీస్తుంది, జనం తూర్పున ఉంటారు. సుమారు 700 కోట్ల డాలర్లతో 3,600 మైళ్ల లైన్లు వేసి 2014 నాటికి ఆ దూరాన్ని కలిపారు, ఖర్చును వినియోగదారులందరి బిల్లుల్లో పంచారు. సబ్‌స్టేషన్లలో జీవితం గడిపినవాడిగా చెబుతున్నాను, లైను లేని గాలిమర కొండ మీద బొమ్మతో సమానం.

జవాబు 2 (మామిడి తోట, పుంగనూరు):

ఇంజినీరు గారి మాటతో ఏకీభవిస్తూనే, టెక్సాస్‌ను అంత ఆదర్శంగా చూడవద్దని మనవి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో కరెంటు పోయినప్పుడు గవర్నర్ గ్రెగ్ అబాట్ టీవీలో నిందను గాలి, సౌర విద్యుత్తుల మీదికి నెట్టారు, కానీ ఆగిపోయిన ఉత్పత్తిలో పెద్ద వాటా సహజవాయువు కేంద్రాలదేనని తర్వాతి విచారణలో తేలింది. 2023లో గ్యాస్ కేంద్రాలకు తక్కువ వడ్డీ రుణాల నిధిని ఏర్పాటు చేశారు. 2025లో పునరుత్పాదక విద్యుత్తుకు పగ్గాలు వేసే మూడు బిల్లులు సెనేట్ దాటి, ప్రతినిధుల సభలో ఆగిపోయాయి.

ఆల్బెర్టా పల్లెల భయమూ ఉత్తది కాదు. అక్కడ కింద ఖనిజం ప్రభుత్వానిదైతే, చమురు కంపెనీ వచ్చినప్పుడు పొలం యజమాని కాదనలేడు. గాలిమరను మాత్రం వద్దనవచ్చు. దివాలా తీసిన కంపెనీలు వదిలేసిన అనాథ బావులు వేల సంఖ్యలో ఉన్నాయి. అవి చూసినవారు సోలార్ పలకలను రేపు ఎవరు తొలగిస్తారని అడగడం సహజమే. నాకు మింగుడుపడనిది ఏమిటంటే, అదే ప్రభుత్వం రక్షిత ప్రాంతాల, సుందర దృశ్యాల చుట్టూ కనీసం 35 కిలోమీటర్ల లోపల కొత్త గాలిమరలు రాకూడదన్నది గాని, ఆ నియమాన్ని చమురు బావులకు పెట్టలేదు.

మా ఇంట్లోనూ ఈ ప్రశ్న వచ్చింది. తోట పక్కనున్న మెట్టను సోలారుకు కౌలుకివ్వమని ఒక కంపెనీ వారు కాగితాలు తెచ్చారు. పాతికేళ్ల తర్వాత ఈ ఇనుమంతా ఎవరు మోసుకుపోతారని నాన్నగారు అడిగితే, ఒప్పందంలో దానికి ఒక్క వాక్యమైనా కనిపించలేదు. కాగితాలు వెనక్కి పంపేశాం.

అలిపిరి విద్యార్థి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మనకూ కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు, గ్యాస్ ఉన్నాయి. ఈ వాదన ఆంధ్రప్రదేశ్‌కు అన్వయిస్తుందా?

విశ్రాంత విద్యుత్ ఇంజినీరు, చిత్తూరు:

కొంతవరకే అన్వయిస్తుంది. కోనసీమ నేల మీది బావుల రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది గాని, కాకినాడ తీరంలోని కేజీ డి6 వంటి సముద్ర క్షేత్రాలది కేంద్రానికి పోతుంది. అందువల్ల చమురును కాపాడుకోవలసిన అగత్యం మన రాష్ట్ర ఖజానాకు ఆల్బెర్టాకు ఉన్నంతగా లేదు, మన తగాదా యూనిట్ ధర మీద నడిచింది. 2019లో కొత్త ప్రభుత్వం పాత సౌర, పవన ఒప్పందాల ధరలు ఎక్కువన్న కారణంతో సమీక్షకు కమిటీ వేస్తే కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. ఒప్పందంలోని ధరే చెల్లించాలని 2022 మార్చిలో తీర్పు వచ్చింది. మీ పత్రంలో ఆల్బెర్టా నిలిపివేతను ఈ సమీక్ష పక్కన పెట్టి చూడండి. ముందుగా ఆ తీర్పు పాఠం పూర్తిగా చదవండి, పత్రికల సారాంశాలతో ఆగవద్దు.