కోరంగి మడ అడవికి 46 మంది పిల్లలతో వెళ్తున్నాం, ఈసారైనా చేతులతో ఏదన్నా చేయించాలి, ఎలా?

సామర్లకోట_సైన్స్_మేడం

అందరికీ నమస్కారమండీ. నేను సామర్లకోట దగ్గర ఒక జెడ్పీ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. జనవరి ఆఖర్లో గానీ ఫిబ్రవరిలో గానీ 8, 9 తరగతుల పిల్లల్ని కోరంగి తీసుకెళ్దామని అనుకుంటున్నా. పోయినేడాది కూడా వెళ్ళాం గానీ దాన్ని ఫీల్డ్ ట్రిప్ అనడానికి నాకే సిగ్గేస్తుంది. చెక్కదారి మీద ఈ చివర్నించి ఆ చివరికి నడిచాం, సెల్ఫీలు దిగాం, బోటెక్కుదామంటే ఇప్పుడు కాలవలో నీళ్ళు లేవు సాయంత్రం రమ్మన్నారు, పులిహోర తిని వెనక్కొచ్చేశాం. మర్నాడు క్లాసులో ఏం చూశార్రా అంటే ఒకడు లేచి "చెట్లు మేడం" అని కూర్చున్నాడు.

ఈసారి నీళ్ళలో ఉప్పు కొలవడం, పీతలు లెక్కపెట్టడం, ఇలాంటివి పిల్లలే చేయాలని నా కోరిక. ల్యాబ్‌లో చెప్పుకోదగ్గ సామాను ఏమీ లేదు. తలకి 250 దాటితే ఇళ్ళల్లో ఇవ్వలేరు. టీచర్లం నలుగురం. ఇంతకుముందు చేసినవాళ్ళుంటే ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి ప్లీజ్.

తాళ్లరేవు_కుర్రోడు

మేడంగారూ మాది ఆ పక్కే, మా నాన్నది పడవ. మీరు పోయినేడు చేసిన తప్పు ఒకటే అండి, బస్సు టైం చూసుకుని వచ్చారు, పోటూ పాటూ (సముద్రం నీళ్ళు ఎక్కేదీ దిగేదీ) చూసుకోలేదు. ఇక్కడ రోజుకి రెండుసార్లు పోటెక్కుద్ది, రెండుసార్లు పాటు తీస్తది, రెండు పోట్లకీ మధ్య పన్నెండు గంటల పైన, రోజు రోజుకీ ఇంచుమించు 50 నిమిషాలు వెనక్కి జరుగుతా ఉంటది. అంటే ఈ శనివారం పదింటికి పాటు అయితే వచ్చే శనివారం పదింటికి పోటు మీదుంటది, లెక్కేసుకోండి. పీతలూ బురదలో గెంతే చేపలూ కనపడాలంటే పాటు కావాలి, బోటు కదలాలంటే పోటు కావాలి, రెండూ ఒకే టైంలో అడిగితే సముద్రం ఇవ్వదు కదండి 😀

అందుకని పొద్దున్న తొమ్మిది పదకొండు మధ్య పాటు అడుక్కి వెళ్ళే రోజు చూసుకోండి. ముందు బురద పని కానిచ్చేసి అన్నాలు తినేసరికి నీళ్ళు ఎక్కుతా ఉంటాయి, మధ్యాన్నం రెండు దాటాక బోటు. కాకినాడ పోర్టుకి టైడ్ టేబుల్ నెట్‌లో దొరుకుద్ది. అమావాస్యకీ పౌర్ణమికీ నీరు బాగా వెనక్కి పోద్ది, అష్టమి దగ్గర ఆ తేడా సగం కూడా ఉండదు. నెట్ చూసినా సరే ముందు రోజు బోటు దగ్గర ఒక్క ఫోన్ చేసి అడగండి, గాలి తిరిగితే లెక్క కొంచెం అటూ ఇటూ అవుద్ది.

రిటైర్డ్_జువాలజీ

తమ్ముడు అసలు విషయం చెప్పేశాడు, నేను సామాను సంగతి చెప్తాను. మేడం, ఉప్పు కొలిచే మీటర్లు కొనకండి. కొంచెం మందంగా ఉన్న స్ట్రా తీసుకుని ఒక చివర మైనం మట్టి ముద్దతో మూసి, నీళ్ళలో నిలువుగా తేలేట్టు లోపల రెండు మూడు చిన్న మేకులు వేయండి. మంచినీళ్ళలో ఎక్కడిదాకా మునిగిందో గీత పెట్టండి. తర్వాత 35 గ్రాముల ఉప్పు కరిగించి మొత్తం లీటరు చేసిన నీళ్ళలో వేసి ఇంకో గీత. అదే మీ సముద్రం గీత. స్ట్రా 15 సెంటీమీటర్లు మునిగితే రెండు గీతలకీ తేడా నాలుగు మిల్లీమీటర్లే వస్తుంది కాబట్టి సన్నని పెన్ను వాడాలి, ఇది స్కూల్లోనే రెండు రోజులు ప్రాక్టీసు చేయించండి, అక్కడికెళ్ళి మొదలెడితే అయ్యే పని కాదు.

ఇప్పుడు అసలు మజా. కాకినాడ నించి యానాం దాకా ఒకటే రోడ్డు, 216 హైవే. కాకినాడ బీచ్‌లో ఒక సీసా, కోరంగి కాలవలో ఒక సీసా, యానాంలో గౌతమి ఒడ్డున ఒక సీసా పట్టండి. పట్టే ముందు ఎక్కడ ఎంత ఉప్పుంటుందో పిల్లల చేత ఊహించి రాయించండి. యానాందగ్గర గోదావరి కాబట్టి తియ్యగా ఉంటుందనే రాస్తారు అందరూ. వానాకాలంలో వరద నీళ్ళప్పుడు అది నిజమే. కానీ వరద అయిపోయాక ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట నీళ్ళు ఆపి కాలవల్లోకి మళ్ళిస్తుంది, కిందికి వచ్చేది తగ్గిపోతుంది, ఆ ఖాళీలోకి సముద్రం పైకి ఎక్కుతూ వస్తుంది, ఎండలు ముదిరేకొద్దీ యానాం నీళ్ళు కూడా ఉప్పగా అవుతాయి. మీ స్ట్రా ఏం చెప్తుందో చూసి అప్పుడు ఎందుకు అని అడగండి. వీలైతే ఆగస్టులో ఇంకో సీసా తెప్పించి పక్కన పెట్టండి, నదీముఖం అంటే ఏంటో నేను ముప్పై ఏళ్ళు బోర్డు మీద గీసినదానికంటే బాగా అర్థమవుతుంది.

రెండోది, అర మీటరు పీవీసీ పైపులు నాలుగు, ఎల్బోలు నాలుగు కలిపి చదరం చేయండి, ప్లంబర్ దగ్గర ముక్కలే ఇస్తాడు. చెక్కదారి మీంచి కిందికి దిగనివ్వకపోతే దానికి నాలుగు మూలలా తాడు కట్టి రెయిలింగ్ మీంచి దించండి. ఆ చదరంలో ఎన్ని పీత బొరియలు, బురదలోంచి పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేర్లు ఎన్ని, అంతే. కాలవ పక్కన ఐదు చోట్ల, లోపల ఐదు చోట్ల. 46 మందీ ఒకే పని చేయొద్దు, మూడు జట్లు చేసి జట్టుకో పని ఇచ్చి గంటకోసారి మార్చండి. పనులు మూడు చాలు. నాలుగోది పెడితే ఏదీ అవదు.

నెల్లూరు_పక్షులు

జనవరి అంటున్నారు కదా, పులికాట్, నేలపట్టు రావచ్చుగా మేడం. ఫ్లెమింగోలు, పెలికాన్లు, పిల్లలు జన్మలో మర్చిపోరు. బురదలో పీతలు లెక్కపెట్టడానికి అంత దూరం నడవాలా?

రిటైర్డ్_జువాలజీ

@నెల్లూరు_పక్షులు బాగుంటుంది, కాదనను. కానీ సామర్లకోట నించి సూళ్ళూరుపేట అంటే రాత్రి ప్రయాణం, తలకి 250 ఎక్కడ? పైగా అక్కడ పక్షిని బైనాక్యులర్‌లో చూడ్డమే, ముట్టుకునేది ఏముంది. పక్షులు కోరంగిలోనూ ఉన్నాయి, చలికాలం పాటు తీసినప్పుడు కాకినాడ బే బురద మీద ఉల్లంకులు, గోడ్‌విట్లు, ఎక్కడో సైబీరియా వైపు నించి వచ్చినవి, పొడుగు ముక్కుతో పొడుస్తూ ఉంటాయి. ఆ బురదలో ఏముందని అవి అంత దూరం నించి వచ్చాయో పీత బొరియలు లెక్కపెట్టిన పిల్లలకి తెలుస్తుంది.

కాకినాడ_టీచరమ్మ

నేను మూడేళ్ళ కింద వేరే స్కూల్లో ఉండగా ఇలాంటి ట్రిప్‌కి వెళ్ళాను, అక్కడ జరిగినవి చెప్తాను, మీరు జాగ్రత్త పడండి. మొదటిది చెప్పులు. హవాయి చెప్పులతో బురదలో దిగితే కాలు వస్తుంది చెప్పు రాదు, మాకు పదకొండు చెప్పులు పోయాయి అందులో జత ఒక్కటీ లేదు. ఉత్త కాళ్ళతో అసలొద్దు, ఆ శ్వాసవేర్లూ ఆల్చిప్పలూ కోసేస్తాయి. పాత కాన్వాస్ బూట్లు లేసులు బిగించి కట్టుకు రమ్మనండి, ఒక జత పొడి బట్టలు.

రెండోది తిల్ల చెట్టు. ఆకు తుంచితే పాలు కారతాయి, అవి కంట్లో పడితే మంట, వాపు, కాసేపు చూపు కూడా ఆనదు. మా ట్రిప్‌లో ఒకబ్బాయి ఆకు తెంపి అదే చేత్తో కళ్ళు నులుముకున్నాడు, నీళ్ళతో కడిగీ కడిగీ ఆస్పత్రికి పరిగెత్తాం, మర్నాటికి తగ్గింది గానీ ఆ పూట నాకు ప్రాణం పోయినంత పనైంది. ముందెవరూ మాకు చెప్పలేదు. దిగగానే గైడ్‌ని అడిగి ఏది తిల్లో పిల్లలకి ముందే చూపించండి. ఇది తెలిశాక మాత్రమే మడ ఆకు రుచి చూడ్డం పెట్టుకోండి, ఎందుకంటే అది నిజంగా బాగుంటుంది: ఈ అడవిలోనే మడ అనే రకం చెట్టు తను పీల్చిన ఉప్పుని ఆకుల్లోంచి బయటికి వదిలేస్తుంది, ఎండ పూట ఆకు మీద వేలు రాసి నాలిక్కి తగిలిస్తే ఉప్పు. పక్కనే ఉప్పుపొన్న చెట్టు ఆకు రాస్తే ఆ రుచి ఉండదు, అది ఉప్పుని చాలావరకు వేరు దగ్గరే ఆపేస్తుంది. మా పిల్లలు ఇంటికెళ్ళి చెప్పింది ఇదొక్కటే.

ఇంకోటి, ఆడపిల్లలున్నారు కాబట్టి బాత్రూం సంగతి ముందే కనుక్కోండి. బురదలోకి దిగేది బాత్రూంకి వెళ్ళొచ్చాకే. ఇది చిన్న విషయం అనుకుంటాం, సగం మంది అమ్మాయిలు దీని గురించే పొద్దున్నించీ నీళ్ళు తాగరు.

సామర్లకోట_సైన్స్_మేడం

అబ్బా ఇన్ని విషయాలు! అందరికీ చాలా థాంక్స్. తిల్ల సంగతి నాకు నిజంగా తెలీదు, మా తొమ్మిదో తరగతిలో కనపడ్డ ప్రతి ఆకూ తెంపేవాడు ఒకడున్నాడు.

ఇంకొక్క డౌట్. రెండు పీతలు, బురద చేప ఒకటి సీసాలో తెచ్చి స్కూల్లో అక్వేరియంలో పెట్టొచ్చా? పిల్లలు అడుగుతున్నారు.

రిటైర్డ్_జువాలజీ

వద్దు మేడం. అది 1978 నించీ అభయారణ్యం, 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి లేకుండా ప్రాణినీ మొక్కనీ బయటికి తేకూడదు, చదువు కోసమే అయినా సరే. నీళ్ళ సీసా పట్టడానికి కూడా అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకి హెచ్ఎం సంతకంతో లెటర్ పెట్టండి, ఎంతమంది, ఏ రోజు, ఏం చేస్తాం అని ఒక పేజీ. నెల ముందే పెట్టండి. ఆ లెటర్లోనే బురదలోకి దిగడానికి ఒక చోటు చూపించమని అడగండి, అడిగితే ఒప్పుకోవచ్చు, అడక్కుండా దిగితే మాత్రం గొడవ.

తాళ్లరేవు_కుర్రోడు

పీత కావాలంటే అడవిలో ఎందుకండి మేడంగారూ, చేపల మార్కెట్లో కొనండి. మండ పీతలు డెక్కలు తాడుతో కట్టేసి ఇస్తారు, ఒక మగది ఒక ఆడది అడగండి, పెద్దవి ఖరీదు, చిన్నవి చాలు. తిరగేసి పొట్ట కింద రేకు చూడమనండి, సన్నగా కోసుగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. కట్లు మాత్రం ఇప్పకండి, వేలు నలిగిపోద్ది. చూశాక కూర వండేసుకోవచ్చు, అక్వేరియంలో ఇది కుదరదు కదా 😀

ఇంకో మాట, బావురు పిల్లిని చూపిస్తారా అని పిల్లలు అడుగుతారు. అది రాత్రి తిరిగేది, పగలు కనపడదు, ఆశ పెట్టకండి. కానీ పాటు తీసిన బురద మీద అడుగులు పడుంటాయి, దానివీ, నీటికుక్కలవీ, నక్కలవీ. పిల్లి అడుగులో గోళ్ళ గుర్తు సాధారణంగా కనపడదు, నక్క అడుగులో కనపడుద్ది, కానీ బావురు పిల్లి గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు కాబట్టి మెత్తటి బురదలో ఒక్కోసారి దానివీ పడతాయి, అక్కడ గైడ్‌నే అడగండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఒక కేజీ పట్టుకెళ్ళి ఆ అడుగులో పోస్తే అచ్చు వస్తది, దీనిక్కూడా ముందు అడగండి. తడి బురద కదా, గట్టి పడ్డానికి అరగంట పైనే పట్టుద్ది, పోట్లో మునగకుండా కాస్త ఎత్తున ఉన్న అడుగు చూసుకోండి.

సామర్లకోట_సైన్స్_మేడం

సరే, నా ప్లాన్ ఇలా అయింది: స్ట్రా, చదరం, అడుగుల అచ్చు, మూడే పనులు. ఆకు రుచి నడుస్తూ నడుస్తూ. యానాం సీసా మాత్రం నేనే ముందు రోజు స్కూటీ మీద వెళ్ళి తెస్తా, బస్సుని అంత దూరం తిప్పితే డీజిల్‌కే సరిపోతుంది. టైడ్ టేబుల్ చూస్తే ఫిబ్రవరిలో నాకు కుదిరేవి రెండే రోజులున్నాయి, అందులో ఒకటి రెండో శనివారం. సెలవు రోజు రావడానికి మిగతా ముగ్గురు టీచర్లనీ ఒప్పించాలి, లెటర్ కంటే అదే కష్టంలా ఉంది.

కాకినాడ_టీచరమ్మ

మండ పీత కూర ఎవరింట్లో వండుతారో ముందే చెప్పండి, వాళ్ళే వస్తారు.